దున్నపోతు పండగనాడు చుయ్‌మై సెలవు

నాలుగో నెల ఎనిమిదో రోజు, పశువుల పండగ పొద్దున. లువోచెంగ్ కొండల కింద ఒక ఇంటి కొట్టం. గుమ్మంలో జిగురన్నం పళ్లెంతో మావ్‌షెంగ్. లోపల కొత్త గడ్డి మీద, దున్న పక్కన, బాసింపట్టు వేసుకుని అతని పెళ్లాం చుయ్‌మై.

"బయటికి రావే బాబూ. పక్కింటివాళ్లు చూస్తున్నారు."

"చూడనీ. ఆ అన్నం ఇక్కడ పెట్టు."

"ఇది దున్నకి!"

"తెలుసు. నానబోసింది నేను, ఆకు పసరు పిండి నల్లరంగు పట్టించింది నేను, ఆవిరి మీద ఉడికించింది నేను. ఎవరికో తెలీదా?"

"మరింకేం?"

"ఇవాళ కాడి మోసేవాళ్లకి పండగ. పని చెప్పకూడదు, కసరకూడదు, కల్లు పోసి బతిమాలాలి. ఔనా, కాదా?"

"పశువులకే అది!"

"మొన్న నాట్లప్పుడు ఈ దున్న మహానుభావుడు కాలు బెణికి పడుకుంటే, బురదలో నాగలి లాగిందెవరు?"

"అదీ... అప్పుడంటే..."

"ఎవరు?"

"ఒక్క పూటేగా! నేను మాత్రం వెనకాల తోల... అదే, పట్టుకోలేదా?"

"తోలానని నోట్లోంచి వచ్చేసింది చూశావా! హై, హై అని కూడా అన్నావు."

"అలవాటు కొద్దీ వచ్చిందే..."

"మలుపు దగ్గర నాలుక టకటకలాడించావు."

"సరే, సరే. లే ఇక. మా అక్కావాళ్లు భోజనానికొస్తున్నారు. బాతుని కోయాలి."

"దున్నకి చెప్పు."

"దున్న బాతుని కోస్తుందా?"

"కోయదు. దానికీ సెలవే."

"చుయ్‌మై, నా బంగారం..."

"ఆ, అలా! మెడ నిమురుతూ అనాలి. ఇందాక దీంతో అన్నావుగా, 'నా తండ్రీ, మా కోసం ఎంత చాకిరీ చేశావురా' అని. పెళ్లైన దగ్గర్నుంచీ నాతో అన్నావా ఆ మాట?"

"అది ఆనవాయితీ! అనకపోతే అరిష్టం."

"నాతో అనకపోయినా అరిష్టమే. ఇవాళే మొదలైంది."

"అయ్యయ్యో, కల్లు తాగేస్తున్నావేంటే! ఆ గిన్నె దున్నది!"

"చెరో గుక్కా తాగుతున్నాం. అదే ఊరుకుంది, నీకేంటి మధ్యలో?"

"ఇక లాభం లేదు. అమ్మని పిలుస్తా. ఆవిడ నోరు విప్పితే నువ్వే కాదు, దున్న కూడా లేచి బాతుని కోస్తుంది. అమ్మా! అమ్మోయ్!"

"పిలువు, పిలువు."

"ఏంట్రా ఆ అరుపులు?"

"నీ కోడలి వేషాలు చూడమ్మా! దున్న పక్కన కూర్చుని దాని అన్నం అడుగుతోంది. ఎప్పుడో నాగలి లాగిందట, ఇవాళ తనకీ పండగేనట!"

"ఏమే, నిజంగా లాగావా?"

"లాగాను అత్తా. కింద మడంతా."

"వీడు తోలాడా?"

"తోలాడు."

"ఊఁ. ఒరే, ఆ పళ్లెం ఇటియ్యి."

"అదీ! గట్టిగా చెప్పమ్మా!"

"కాస్త అటు జరగవే అమ్మాయ్, నేనూ కూర్చుంటా. మీ మామగారి కాలంలో మనింట్లో అసలు దున్నే లేదు."