గాల్లో ఆగిన నీళ్ళు

హలో… ఆ, నేనే. నా ఫోను ఇంకెవరెత్తుతారు?

…

చెప్పు రామకాంత్. అరవకుండా చెప్పు.

…

తెలుసు. కాలవాఫీసు వాళ్ళు పొద్దున వచ్చి మీ నీళ్ళు తోడే ఇంజన్ ఎత్తుకుపోయారు. పైపులు కూడానా?… మంచిది.

…

మంచిదే అన్నాను. మీ మిరప కాపు మీదుంటే మాది ఎండిపోవాలా? పైన మీ నాన్న, మా పిచ్చయ్య బాబాయి, రాత్రీ పగలూ తోడేస్తుంటే, కింద మా కాలవలో కప్పలు కూడా బతకలేదు.

…

సాల్మన్ కాదు. కాలవకు కాపలా కాసే లస్కర్ ఉద్యోగం చేస్తున్నాడని అన్నీ అతని మీదకే తోస్తే ఎట్టా?… ఇంకెవర్నీ తిట్టకు. ఆఫీసుకు నేనే చెప్పా. ఫోటో తీసి పంపించా.

…

ఆ… జమ్ము గడ్డి చాటున మీరు దాచిన ఇంజన్నే. నువ్వు నన్ను తీసుకెళ్ళి చూపించిన చోటే.

…

ఎందుకా? నువ్వు నిన్న గేమ్ తెరిచావా?

…

గేమేరా. బ్లాకులు పేర్చి మనం కట్టుకున్న ఊళ్ళు. పైన నీది, కింద నాది, మధ్యలో కాలవ. మీ నాన్నా మా నాన్నా మొహాలు చూసుకోరు గాని, మనిద్దరం బకెట్లతో నీళ్ళు పోసుకుంటూ ఆ చివరిదాకా వచ్చాం. 'ఈ కాలవకు ఎవడూ అడ్డం కట్టడు' అని బోర్డు రాసింది నువ్వే.

…

నిన్న చూస్తే నీ హద్దు దగ్గర ఆగిపోయాయి. కత్తితో కోసినట్టు, గాల్లో గోడలాగా నిలబడ్డాయి నీళ్ళు. ఇవతల చుక్క లేదు. చివరికి అందులో కూడా మాకు నీళ్ళు రానివ్వవా అనిపించింది.

…

గ్లిచ్చా?… అంటే గేమే తప్పు చేసిందా?

…

లేదు… అడ్డం ఏమీ కనపళ్ళేదు. నీకు తెలిసిన కిటుకేదో చేశావనుకున్నా.

…

అడిగితే? అడిగితే మీ నాన్నలాగే నువ్వూ 'పైనుంచే రావట్లేదు' అంటావు.

…

నీళ్ళు వాటంతటవే ఆగుతాయా రామకాంత్? మన కాలవలో ఎప్పుడైనా చూశావా? ఎవడో కట్టేస్తేనే ఆగుతాయి. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అంతే.

…

గేమ్ తెరిచే ఉంది. చెప్పు… ఆగిన చోట, పక్కన ఒక బ్లాకు పెట్టాలి… ఏదైనా పర్లేదా? మట్టిది పెట్టా… పగలగొట్టాలా? ఇప్పుడే పెట్టిందాన్నా?… పగలగొట్టా.

…

…

కదిలాయి.

…

ఆ… వస్తున్నాయి. మా తూము దాటాయి.

…

అంతేనా? ఒకసారి కదిపితే చాలా?… నీ చెరువు దగ్గర కూడా మొన్న ఇట్టాగే ఆగాయా?… మరి నేను చేశాననుకోలేదా?

…

ఓ. అసలు ఆ ఆలోచనే రాలేదా.

…

ఉండు, నాన్న పిలుస్తున్నాడు… ఏం నాన్నా?… ఎప్పుడు?… మన మడి దాకానా?… ఆ, వస్తున్నా, నువ్వు పద.

…

హలో. ఏం లేదు… ఏం లేదన్నాగా.

…

విన్నావు కదా, మళ్ళీ నాతో చెప్పించడం దేనికి? వచ్చాయి. నిజం కాలవలోనే.

…

బాబాయి ఎక్కడున్నాడు?… చేలోనేనా? అన్నం తిన్నాడా?

…

నేను రానా? వచ్చి ఆఫీసులో చెప్తాను, పొరపాటున… అవున్లే. ఫోటోలో ఇంజన్ ఉంది, మీ చేనుంది. ఏం పొరపాటని చెప్తాను?

…

అట్టా అనకు. కావాలంటే తిట్టు. ఇందాకటి లాగా అరిచెయ్.

…

ఏదో టకటకా కొడుతున్నావు. కంప్యూటర్ ముందు కూచున్నావా?… రామకాంత్, ఆ గేమ్ ఊళ్ళు నీ కంప్యూటర్లోనే ఉన్నాయి, కాదనను. నీ ఇష్టం. కాని…

…

ఒరేయ్. ఇక్కడ గేమ్‌లో నీళ్ళు మళ్ళీ ఆగిపోయాయి.

…

మా తూము దగ్గరే. కదలట్లేదు. నువ్వు చెప్పినట్టే బ్లాకు పెడుతున్నా… పెట్టనివ్వట్లేదు.

…

మాట్లాడు… ఇదీ గ్లిచ్చేనా?

…

నువ్వు కట్టేశావా?

…

రామూ, గ్లిచ్చే అని ఒక్క మాట చెప్పరా. నమ్ముతాను. ఈసారి నమ్ముతా… హలో?… హలో…