బొడ్డుతాడు ఎక్కడ కుట్టాలి

నర్సింగు విద్యార్థులకు పాఠం చెప్పడానికని అడిగి మరీ తల్లి చేత కుట్టించుకున్న గుడ్డ గర్భిణి బొమ్మను కూతురు తిప్పి చూసి, విసుగ్గా కుట్టు మిషను మీద పడేసింది.

"అమ్మా, బొడ్డుతాడుని తీసుకెళ్ళి తల్లి బొడ్డుకి కుట్టావేంటి? రేపు పిల్లలు నా మొహం మీదే నవ్వుతారు."

"మరెక్కడ కుట్టాలి? ముగ్గుర్ని కన్నదాన్ని, నాకు నేర్పుతావా?"

"కన్నావు సరే, లోపలికి తొంగి చూశావా? తల్లి బొడ్డుకీ దానికీ సంబంధమే లేదు. పిండం గర్భసంచి గోడలో నాటుకుని వేళ్ళలాంటివి దింపుతుంది. ఆ వేళ్ళూ, ఆ గోడా కలిసి మాయ అవుతుంది. పిండాన్ని మాయకి కలిపే కాడ సాగి సాగి బొడ్డుతాడవుతుంది."

"ఎలా అయితేనేం, అందులో పారేది నా రక్తమేగా?"

"కాదు! నీ రక్తం మాయ దాకానే వస్తుంది. మధ్యలో పల్చటి పొర ఉంటుంది. తిండీ గాలీ దాటతాయి, రక్తం కలవదు."

"అంటే నా రక్తం పోసి పెంచానని ఇన్నేళ్ళూ నేనన్నది అబద్ధమా?"

"తిండి పెట్టి పెంచావు, చాలదా? నీకు దణ్ణం పెడతా, ముందా కుట్టు విప్పు."

"విప్పుతున్నా, అరవకు. మరి నాకీ బొడ్డెందుకున్నట్టు?"

"అది నువ్వు అమ్మమ్మ కడుపులో ఉన్నప్పటిది."

కత్తెర ఆగింది.

"ఆవిడ ఊసు ఈ ఇంట్లో ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"నేనెత్తలేదమ్మా. నీ పొట్ట మీదే ఉంది."