అయిదు దాటిన దరఖాస్తు

బాపట్లలో ఓ మిషన్ స్కూలు ఆఫీసు గది. కంప్యూటర్ ముందు గుమాస్తా ఏసుపాదం; ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరి ఆలస్యాన్నీ క్షమించిన పాపాన పోలేదాయన. ఎదురుగా, రేపల్లె నుంచి వచ్చి బస్సు దిగి నేరుగా ఇక్కడికే నడిచిన హెప్సిబా టీచరు.

“ఆరు నలభై అమ్మా. నిన్న సాయంత్రం ఆరు నలభైకి వచ్చింది నీ దరఖాస్తు. గడువు అయిదు. ఇంకేంటి?”

“నాలుగూ పదికే మెయిల్లో పంపానండి. నా ఫోన్లో ఉంది, చూడండి.”

“నీ ఫోన్ నువ్వు చెప్పినట్టే వింటది. ఇది ఆఫీసు కంప్యూటరమ్మా.”

“ఆరేళ్లుగా కాంట్రాక్టు మీదే చేస్తన్నానండి. పర్మినెంటు పోస్టు మళ్లీ ఎప్పుడు పడుద్దో. దరఖాస్తుల లిస్టు ఎప్పుడు పంపుతారు?”

“పన్నెండింటికి కరస్పాండెంట్ గారి టేబుల్ మీదుండాలి.”

“ఇంకా టైముంది కదండి. ఒక్క పేరు...”

“కూతురి పేరే ఎక్కించలేదు నేను.”

“ఎవరి కూతురండి?”

“నా కూతురే. శోభారాణి. పోయినేడు లైబ్రరీ పోస్టుకి పెట్టింది. మూడున్నరకే పంపాను నాన్నా అంది. చూస్తే ఆరు. పైగా బైబిల్ మీద చెయ్యేసి చెప్పింది.”

“మరి మీరేమన్నారండి?”

“ఏమంటాను? అబద్ధాలకోరు నా గుమ్మం తొక్కొద్దన్నాను. తెనాలెళ్లి ఏదో ట్యూషన్ సెంటర్లో చేరింది. క్రిస్మస్‌కీ రాలేదు. రాకపోతే మానె.”

“సార్, ఇప్పుడు టైమెంతండి?”

“పదకొండూ అయిదు. గోడ మీదా అంతే, కంప్యూటర్లోనూ అంతే. నా గడియారాలు ఒకే మాట మీదుంటాయి.”

“ఇప్పుడే మీకో మెయిల్ పంపాను. వచ్చిందా?”

“వచ్చింది. ‘నమస్కారం’ అనుంది. నమస్కారం.”

“ఎన్నింటికొచ్చిందని చూపిస్తందండి?”

“పదకొండూ... ఉండు, కళ్లజోడు. ఒంటిగంటా ముప్పై అయిదు.”

“ఒంటిగంట ఇంకా కాలేదండి.”

“కాలేదు.”

“ఈ కంప్యూటర్ ఎక్కడిదండి?”

“పాస్టరుగారి తమ్ముడు సింగపూర్ నుంచి తెచ్చి స్కూలుకి కానుకిచ్చాడు. రెండేళ్లయింది. అప్పుడు గడియారం రెండున్నర గంటలు ముందుంటే నేనే వెనక్కి తిప్పాను.”

“గడియారం తిప్పారు గానీ లోపల సెట్టింగుల్లో ఊరు మార్చలేదండి. మెయిల్ టైము ఆ ఊరిని బట్టే చూపిస్తది. మీ గడియారం బాపట్లలో ఉంది, మీ మెయిళ్లు ఇంకా సింగపూర్లోనే ఉన్నాయి.”

“రెండేళ్లనుంచీనా?”

“ఎప్పుడూ చూళ్లేదాండి?”

“మెయిళ్లు మర్నాడు పొద్దున తీస్తాను. గడువుంటేనే టైము చూస్తాను. అంటే, ఆరు నలభైలోంచి రెండున్నర తీస్తే...”

“నాలుగూ పదండి.”

“నాలుగూ పది. రాస్తన్నా. హెప్సిబా, రేపల్లె. ఇదిగో, ఎక్కింది.”

“ప్రాణం లేచొచ్చిందండి.”

“ఆరులోంచి రెండున్నర తీస్తే?”

“మూడున్నరండి.”

“మూడున్నర.”

“సార్?”

“నీ ఫోన్ ఒకసారి ఇస్తావా అమ్మా? నా నంబరు చూస్తే మా అమ్మాయి ఎత్తదు.”