జర్మనీ భక్తిని కొలిచిన లింబాద్రి

లీదియాకు జర్మన్ చదవడం వచ్చు, రాయడం వచ్చు. మాట్లాడమంటేనే నోరు పెగలదు. జర్మనీ ఆసుపత్రి వాళ్ల ఇంటర్వ్యూ వచ్చే వారమే. నర్సు ఉద్యోగం చేతిదాకా వచ్చి జారిపోతుందేమోనని ఆమె బెంగ. అందుకే గల్ఫ్‌లో తానుండే బనియాస్ నుంచి రెండు బస్సులు మారి, సజ్జాలో భర్త కృపాకర్ ఉండే లేబర్ క్యాంపు పక్క షఫీ టీకొట్టుకు వచ్చింది. పరంజాలు కట్టే లింబాద్రికి జర్మన్ కొట్టిన పిండని క్యాంపంతా అనుకుంటారట. అనుకునేలా చెప్పింది లింబాద్రే.

ఆయన చాయ్ ఊదుకుంటూ మొదలుపెట్టాడు.

"కరోనా తగ్గినంక మా సైటుకు ఒక జర్మనీ మేడం వచ్చింది చెల్లె. ఎవలికి దేవుని మీద నమ్మకం ఎంతున్నదో కొలిచే ప్రశ్నలు తెచ్చింది. ఇంగ్లీషుల ఉన్నయట, జర్మనీ మాట్లాడేటోళ్లకు సరిపోయేటట్టు మార్చాలె. కాయితం మీద గీత గీసి, దేవుణ్ని ఎంత నమ్ముతవ్, సున్నా నుంచి అయిదు దాంక చెప్పుమన్నది. ఏ దేవుణ్ని మేడం అన్న. రాజన్నకు అయిదు. పోచమ్మకు యాటను కోసేదాంక మూడు, కోసినంక అయిదు. పీర్లు లేచిన దినాలు వాళ్లకూ అయిదే. ఇందర్ని ఒక్క గీత మీద ఎట్ల కూసోబెడ్తవ్ అన్న. ఆమె పెన్ను కింద వెట్టి, ఖలాస్ లింబాద్రీ, జర్మనీ ప్రశ్నలు నువ్వే రాయి అన్నది."

జర్మన్ ఎలా వచ్చిందన్నా అని కృపాకర్ అడిగాడు. క్రేను మీది అక్షరాలు చూసి రెండు పూటల్లో నేర్చేశానన్నాడు లింబాద్రి. తన రెండేళ్ల ట్యూషన్‌కు కట్టిన ఫీజు లీదియా మనసులోనే లెక్కేసుకుంది.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? నా ప్రశ్నలు జర్మనీల పంచిండ్రు. మూడోది సదివెటాళ్లకు దేవుడు లేడన్నోడు దండం వెట్టిండు, ఆరోదానికి ఊళ్లకూళ్లే మొక్కినయి, గుండ్లు గీసెతందుకు వేములవాడ నుంచి మనుషుల్ని విమానంల తోలుకపోయిన, నమ్మకం అయిదు దాటి యాభై దాటి, గీత కాయితం మీంచి గోడ మీదికి, గోడ మీంచి సరిహద్దు అవుతలికి వోయింది, మా దేశంలకెందుకొచ్చిందని పక్కోళ్లు కొట్లాటకొచ్చిండ్రు."

మాటలు కోటలు దాటుతాయని లీదియా విన్నది గానీ, దేశాలు దాటడం ఇప్పుడే చూస్తోంది. ఇంతదూరం వచ్చింది దీనికా అని ఒళ్లు మండింది. ఆ మంటలోనే గుక్క తిప్పుకోకుండా జర్మన్‌లో ఒక ప్రశ్న అడిగింది.

లింబాద్రి గంభీరంగా తలూపాడు. "యా, యా."

ఏమడిగావన్నాడు కృపాకర్.

"ఇప్పటిదాకా చెప్పినవన్నీ కోతలేనా అన్నయ్యా, అని."

టీకొట్టంతా గొల్లుమంది. లింబాద్రి మాత్రం చెక్కుచెదరలేదు.

"చెల్లె జర్మనీ మాట్లాడదంటివి గద కృపాకర్. మరిప్పుడు మాట్లాడింది ఎవలు?"

లీదియా నవ్వు ఆగిపోయింది. నిజమే, ఒక్క తడబాటూ లేకుండా అడిగింది తను.

"అన్నయ్యా, ఇంటర్వ్యూ అయ్యేదాకా రోజూ ఫోన్ చేస్తాను," అంది. "ఇలాగే కొయ్యండి."