మా ఆయన దస్తీ

వాంతులకు భయపడి నేను సూదులు వద్దన్ననా? ఎవరు జెప్పిండ్రు మేడం మీకు? మా ఆయననేనా? ఛీ! బయట బల్ల మీద కూసున్నడు సూడుండ్రి, నా కడుపులున్న మాట గూడ ఆయనకే ఎరుక, పాపం!

జర ఆ తలుపు దగ్గరికెయ్యుండ్రి. ఆఁ, సాలు.

మొన్న మీరు మంచిగనే అడిగిండ్రు. "రోజీ, గడ్డ మళ్లొచ్చింది. సూదులైతే గట్టిగ పనిజేస్తయి, కని ఒళ్లు మస్తు పరేషాన్ అయితది. గోలీలైతే ఒంటికి సుఖం, కని ఎక్కువ దినాలు ఆపలేవు. నీకేది కావాలె?" అన్నరు. నాకేం గావాలని ఇన్నేండ్ల కాపురంల నన్నెవరన్న అడిగిండ్రా? ఆయన పక్కనే ఉండె గద! గోలీలే అన్న. అప్పుడు ఆయన మొకం ఎంత తేటగైందో మీరు సూసిండ్రా? నేను సూసిన.

వాంతులు నాకో లెక్కనా మేడం? సూరారం దిక్కు కోళ్లు కోసే కంపెనీల పనిజేసిన. పేగులు తీసిన చేతులివి.

పోయినసారి సూదులు పడ్డప్పుడు అన్నం ఇనుము లెక్క తగిలేది. నోరంత పుండ్లు. తాగిన నీళ్లు గూడ నిలువకపోతుండె. పక్కలనే కక్కుకున్న, పక్కలనే... మీ దగ్గర సిగ్గేంది, పక్కలనే పోయిన. అదంత ఓర్సుకున్న. కని ఆయన దర్వాజ కాడ నిలవడి, దస్తీ ముక్కుకు అడ్డం పెట్టుకోని, "అయిందా?" అని అడిగేటోడు. అది మాత్రం ఓర్సుకోలేకపోయిన.

నా పళ్లెం, నా గిలాస ఏరు పెట్టిండు. నేను కూసోని లేసిన కుర్సీ మీద సెంటు కొట్టిండు. ఇదేమన్న అంటుకునే రోగమా మేడం? కాదు గద! మీరు ఆయనకు జెప్పిండ్రు గూడ. తలకాయ ఊపిండు. ఇంటికి పోంగనే మళ్ల సెంటు కొట్టిండు.

మరి ఎవరు కడిగిండ్రంటరా? పక్కింటి రుక్కమ్మ. రావల్కోల్ నుంచి కూరగాయలు తెచ్చి మేడ్చల్‌ల అమ్ముకుంటది. గంప దించి సీద నా కాడికే వచ్చేది. బొట్టు పెట్టుకునే మనిషి, మా చర్చి మొకం గూడ జూడలే. నా బట్టలు పిండుకుంట, "నీకంటె మా బర్రె నయం, ఒక్క దిక్కే పోతది" అనేది. కక్కుకుంటనే నవ్విన నేను.

ఇగ ఆదివారం చర్చిల మా ఆయన సాక్ష్యం జెప్పుడు జూడాలె మీరు! మైకు పట్టుకోని, "ప్రభువు నాకు సేవ చేసే భాగ్యమిచ్చిండు, నా భార్య కక్కింది ఈ చేతులతోనే ఎత్తిన" అని వలవల ఏడుస్తడు. అదే దస్తీతోని కండ్లు తుడుసుకుంటడు. ఆడోళ్లంత నా దిక్కు జూసి, "రోజక్కా, ఫిలిపన్న అసొంటి మొగుడు దొరకాలంటె పెట్టి పుట్టాలె" అంటరు. అప్పుడొచ్చినంత డోకు మీ సూదులకు గూడ రాలే నాకు.

ఏం జేస్త? అందరితోని నేను గూడ ఆమెన్ అన్న.

అందుకే మొన్న గోలీలన్న. దర్వాజ కాడ ఆ మొకం మళ్ల జూసుడుకంటె జల్దీ పోవుడే నయమనిపించింది. గంతే. ఇంకేం లేదు.

కని నిన్న రుక్కమ్మ కొత్త చింతకాయ తొక్కు తెచ్చింది. ఊకెనే ఏలుతోని నాకిన. పుల్లగ తగిలింది మేడం! నోట్ల నీళ్లూరినయి. ఇగ ఏడుపాగలే. నాకు సావాలని లేదు. అస్సలు లేదు. ఆయన ముక్కు కోసం నేనెందుకు సావాలె?

సూదులే పెట్టుండ్రి. పుండ్లు రానీ, ఎంటికలు పోనీ. రుక్కమ్మ ఇంట్ల ముందటర్ర ఖాళీగుంది, ఆడ పండుత. ఆమెను అడిగిన. "రా, బర్రెకు తోడైతవ్" అన్నది.

ఆయన సాక్ష్యమా? జెప్పుకోనీయుండ్రి. పెండ్లాం ఇడిసిపెట్టి పోయిందని ఇంకింత ఏడుస్తడు. నాకేంది?

ఇగ పిలువుండ్రి లోపలికి. ఈ మాట మీరే జెప్పుండ్రి. దస్తీ తీస్తడు సూడుండ్రి... ఇంట్లయితె ముక్కుకు పోతది. ఈడ మీరున్నరు గద, కండ్లకు పోతది.