‘లుక్ ఇంటూ’కు అర్థం

హలో… ఆ, నేనే… పామిడి పోస్టాఫీసు నుంచి కాల్ బుక్ చేసింది నేనే. కలుపమ్మా…

హలో, దివాకరా? … నేనప్పా, నీకు ఎనిమిదో తరగతిలో ఇంగ్లీషు చెప్పిన హనుమంతరాయుడు అయ్యవారిని… ఆ, బాగుండా. నా సంగతి ఇడిసిపెట్టు —

బోర్లేసే ఆఫీసులో జాబులు రాసేది నువ్వేనంట గదా… సంతోషం. మా ఊరికి బోరెయ్యమని ఇచ్చిన అర్జీకి నీ జవాబు అందింది… లేదులే, తప్పుల్లేవు. ‘యువర్ పిటిషన్ ఈజ్ బీయింగ్ లుక్‌డ్ ఇంటూ’… చక్కగా ఉండాది.

సరే, పాఠం అప్పజెప్పు. ‘లుక్ ఆఫ్టర్’ అంటే? … బాగోగులు చూసుకునేది. ‘లుక్ ఫర్’? … వెదికేది. ‘లుక్ ఇంటూ’? … ఆ. విచారించి సంగతి తేల్చేది. పదికి పది. ఏమీ మర్చిపోలేదు నువ్వు.

నేనూ ఊరోళ్ళకు అదే చెప్పినా. ‘సార్లు వస్తారు, బాయి చూస్తారు, తేలుస్తారు’ అని… నవ్వొద్దు. నువ్వు నేర్చుకున్నదీ నా కాడే.

బాయిలో ఊట ఇంటికి ఒక బిందె కూడా రాదు. అందులోనే ఇంటికో చెంబు తీసి బడి వరండాలో బాన నింపి పెట్టినారు… ఎవరికా? మీకే. ఎండన పడి వచ్చే సార్లకు తాగను నీళ్ళుండొద్దా? … ఆ, పైన గుడ్డ కూడా కట్టినారు, దుమ్ము పడకుండా. పన్నెండు దినాలాయ.

మొన్న మా ఊరి తిప్పమ్మ దూడ దప్పికతో పడిపాయ. ఆ వరండా ముందరే… లేదు, ఆమె బాన ముట్టలేదు. ‘సార్లు ఈపొద్దే వస్తారేమో అయ్యవారూ’ అనింది. నేనూ ఆ నీళ్ళు పొయ్యమనలేదు… చచ్చిపాయ. ఆ సిగ్గు నాదే.

ఏమంటివి? … ఆ జవాబు అచ్చేసిన కాగితమా? … తేదీ, ఊరి పేరు మాత్రం నువ్వు రాస్తావా… ఎన్ని ఊర్లకు పంపినారు? … నలభయ్యా. బోరు బండ్లెన్ని ఉండాయి? … ఒకటి. అదీ రిపేరుకు పోయిండాదా… శభాష్. కూచున్న చోటు నుంచి లేయకుండా నలభై ఊర్లు చూసినారు. మీ అంత పనిమంతులు యాడా లేరప్పా.

వద్దు, క్షమాపణ నాకొద్దు. ఒక తెల్ల కాగితం తీసుకో. తెలుగులో రాయి, ‘మేము రాలేము’ అని… అంతే. కింద ఆఫీసు ముద్ర కొట్టు… నేను చెప్తే ఊరోళ్ళు నమ్మరప్పా, ముద్ర ఉంటేనే నమ్ముతారు. అప్పుడు ఆ బాన నీళ్ళన్నా తాగుతారు, బిడ్డలుండారు ఊర్లో…

ఏమప్పా, రాస్తావా, రాయవా? … పైవాళ్ళను అడగాల్నా? రాలేము అనే దానికి గూడా —

హలో… హలో… అమ్మా, లైను ఎందుకు తీసేస్తివి? ఇంకొక్క నిమిషం…