గంగడోలు కింద సుడి

మాలకొండయ్య ఉండాడే, ఆయన కన్ను గొడ్డు మీద పడిందంటే ఇంక తిరుగులేదంట. ఆవు ఈని, దూడ ఒళ్ళు ఇంకా తడారకముందే, దీని మూపురం నిలబడుద్ది, దాని మూపురం ఒరిగిపోద్ది అని చెప్పేసేవాడంట. మూడేళ్ళకి చూస్తే అట్టనే అయ్యేదంట. చుట్టుపక్కల ఎవరు కోడెని కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుని పోవాల్సిందే. సరే, కన్నున్నోడే, కాదన్నోడు లేడు. అయితే ఆ కన్నుకో జబ్బుండాది. ఎదుటోడి దొడ్లో మంచి గొడ్డు కనబడితే ఆ పూట ఆయనకి ముద్ద దిగేది కాదు. ఒలవండే, కాయలు ఒలవండి. చెవుల్తో వినండి, చేతులకి దీంతో పనేముంది.

ఆయనకో తోడల్లుడు, చెంచురామయ్య అని. ఇద్దరిదీ ఒకే ఊరు, మధ్యలో కంపకంచె, అటొకరు ఇటొకరు. మామగారు కూతుళ్ళిద్దరికీ పెళ్ళప్పుడు తలా ఒక పెయ్యనిచ్చాడంట. రెండూ ఒకే ఆవు కడుపున పుట్టినయ్యే, అక్కాచెల్లెళ్ళనుకో. పెద్దల్లుడు కాబట్టి ముందు మాలకొండయ్యని ఎంచుకోమన్నారు. ఆయన రెండింటి చుట్టూ నాలుగుసార్లు తిరిగి, తోకలు పట్టి చూసి, మంచిదాన్ని తను తోలుకున్నాడు. మిగిలింది చెంచురామయ్యకి. చెంచురామయ్యకి గొడ్డు సంగతి ఏం తెలుసు పాపం, తెల్లగా ఉంటే బాగుందనేవాడు, అంతే. గొడ్డూ గోదా అంతా ఆయన పెళ్ళాం కోటమ్మ చూసుకునేది. ఇంతకీ ఏమైందంటే, ఒకే ఏడు రెండు ఆవులూ కోడెదూడల్నేసినయ్యి. మాలకొండయ్య దూడా బాగుంది, బాలేదని నేనను. కానీ కంచె అవతలది ఉండాదే, అది రెండేళ్ళకే కళ్ళకి కాటుక పెట్టినట్టు నల్లటి చార, నిలబెట్టిన బిందెలాగా మూపురం, పక్కకి ఇంత కూడా ఒరగలేదు, మెడ కింద గంగడోలు మడతలు మడతలుగా బొడ్డుదాకా, తోక కుచ్చు నల్లగా నేలని తాకతా. కోటమ్మ దాన్ని ‘బుల్లెయ్యా’ అని పిలిస్తే చాలు, యాడున్నా పరిగెత్తుకొచ్చి ఆమె అరచేతిలో తవుడు నాకేదంట. మాలకొండయ్య పొద్దున్నే పళ్ళు తోముకుంటా కంచె మీదగా చూసేవాడు, వేపపుల్ల నోట్లోనే ఉండిపోయేది. లోపల భగ్గుమనేది. ఎంచుకున్నది నేను, మంచిది వాడి దొడ్లో పుట్టడమేంది అని.

అప్పట్లో ఊరికొక ఆబోతుండేది, మీకు తెలవదు. మంచి కోడెని చూసి, తొడ మీద అచ్చేసి వదిలేసేవాళ్ళు. ఆ తర్వాత అది ఎవరిదీ కాదు, ఊరిది. ఏ చేలో పడి మేసినా కర్రెత్తగూడదు. ఊళ్ళో పుట్టే ప్రతి దూడకీ అదే తండ్రి. గొడ్డు ఊరిదేగానీ పేరు మాత్రం ఇచ్చినోళ్ళది. ఫలానావాళ్ళ ఆబోతు, దాని కడుపున పుట్టినయ్యే తిరునాళ్ళ ప్రదర్శనలో గెలిచినయ్యి అని పదూళ్ళు చెప్పుకుంటాయి. మాలకొండయ్య బతుకంతా ఆ పేరు కోసమే అనుకో. ఆ ఏడు ముసలి ఆబోతు పోయింది. ఊరి పెద్ద ఓబయ్య పదిమందిని కూర్చోబెట్టి, ఇప్పుడు ఊరికి కొత్తదాన్ని ఎంచాలి, ఎంచేది ఎవరంటే, ఇంకెవరు, మాలకొండయ్యే అన్నాడంట. ఆయన కోడె కూడా వరసలో ఉంది కదా అని ఎవడో గొణిగాడు. ఓబయ్య, గొడ్డు కాడ మాలకొండయ్య అబద్ధమాడడు అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఊళ్ళో కోడెలన్నిట్నీ వరసగా కట్టారు. ఆయన ఒక్కోదాన్నే చూసుకుంటా, వద్దు, వద్దు, ఇది అరకకి పనికొస్తది, అనుకుంటా వచ్చి బుల్లెయ్య కాడ ఆగాడు. మూపురం మీద చెయ్యేశాడు. నడుం నిమిరాడు. దాని చుట్టూ తిరిగాడు. తప్పు వెతుకుదామంటే ఒక్కటీ దొరకట్లా. అందరూ ఆయన మొహం వంకే చూస్తన్నారు, చెంచురామయ్య అయితే అప్పుడే నవ్వుతన్నాడు. ఆ నవ్వు చూశాడు మాలకొండయ్య. వంగి గంగడోలు కిందకి తలపెట్టాడు, అదాట్న వెనక్కి జరిగాడు. వెంట్రుకల్లో చెడ్డ సుడి ఉందయ్యా, యజమాన్ని మూడేళ్ళు బతకనియ్యని సుడి, అన్నాడు. అంతే, అందరూ పదడుగులు వెనక్కి. ఎందుకంటే చెడ్డ సుడిని ఒకడు చూసి చెప్పాక ఇంకోడు చూడగూడదు, చూసినోడికి కూడా తగులుకుంటదని భయం. అందుకని ఒక్కడంటే ఒక్కడు వంగి చూడలేదు. సుడా? సుడీ లేదు, పాడూ లేదు. ఆయన అక్కడ చూసింది తోడల్లుడి నవ్వు, అంతే.

మాలకొండయ్య కోడెకి అచ్చేసి వదిలారు. ఇక్కడ కోటమ్మ ఇంట్లో పొయ్యి వెలగలేదు. చెంచురామయ్యేమో, నేను పోతే నీకు దిక్కెవరే, ముందు దాన్ని వదిలించు అన్నాడంట. కొత్తపాలెం నించి బసివిరెడ్డని ఒకాయన వచ్చాడు. సుడి ఉందని దాచకుండా చెప్పారు. ఆయన, మాకా పట్టింపు లేదమ్మా, అని కొత్త పలుపు వేసి తోలకపోయాడు. కోటమ్మ ఆ డబ్బుతోనే ఇంకో ఆవుని కొనుక్కుంది. మాలకొండయ్య కంచె మీదగా చూశాడు, అవతల గుంజ ఖాళీగా ఉంది. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడంట.

అయితే ఏమైందంటే, నాలుగు రోజులకి ఓబయ్య అరుగు మీద కూర్చుని ఆలోచనలో పడ్డాడు. సుడి యాడ నించి వస్తది? తల్లి వైపు నించి. ఆ కోడె తల్లీ, మన ఆబోతు తల్లీ ఏమవుతాయి? సొంత అక్కాచెల్లెళ్ళు. మరి ఆ రక్తమే కదా దీంట్లో ఉండేది. దీనికి పైకి కనబడకపోయినా రేపు దూడలకి రాదని ఏముంది? ఆ మాట ఊరంతా పాకింది. చూసుకోండి, అంత లెక్కగా అబద్ధమాడినోడు, రెండింటి తల్లులూ ఒకే కడుపున పుట్టినయ్యన్న సంగతి మరిచాడు! ఇంక ఆబోతు మందలోకి వస్తే చాలు, ఎవరి ఆవుల్ని వాళ్ళు ఇళ్ళకి తోలుకుపోయేవాళ్ళు. అచ్చేసిన గొడ్డు, కొట్టడానికి లేదు కదా. పాపం అది ఒక్కటే బీట్లో నిలబడి రంకెలేసేది. ఊళ్ళో ఆవులన్నీ యాడికి పొయ్యేయనుకున్నారు? కొత్తపాలెం. బుల్లెయ్య కాడికి. సుడి ఉందన్నారు కదమ్మా అని అడుగుతావేమో, బసివిరెడ్డి రాయిలాగా తిరుగుతుంటే ఇంక భయమెవరికి, ఊరు దాటాక ఆ సుడి దోషం పోయిందిలే, దూడలకీ రాదులే అనుకున్నారు. మాలకొండయ్య చెప్పలేడు, మింగలేడు. చెప్తే దొంగవుతాడు, చెప్పకపోతే ఆయన ఆబోతు ఒట్టిపోయినట్టే.

అట్ట మూడేళ్ళు. మూడో ఏడు కొండ తిరునాళ్ళలో ప్రదర్శన పెట్టారు. మన ఊరోళ్ళంతా పొయ్యారు, చెంచురామయ్య కూడా పొయ్యాడు, నిక్షేపంగా ఉండాడు మరి. బుల్లెయ్యకి మొదటి బహుమతి. దాని కడుపున పుట్టిన దూడలకే రెండూ, మూడూ. మెళ్ళో బంతిపూల దండ, కొమ్ములకి పసుపు, జనం ఎగబడి చూస్తన్నారు. అంతా బసివిరెడ్డిని పట్టుకుని, ఏం కన్నయ్యా నీది, యాడ పట్టావయ్యా దీన్ని, ఈ జిల్లాలో నీ అంత చూపున్నోడు లేడు, అని. మాలకొండయ్య గుంపులో నిలబడి వింటన్నాడు. మూడేళ్ళు ఓర్చుకున్నాడు, ఆబోతు ఒంటరిగా రంకెలేస్తుంటే ఓర్చుకున్నాడు. ఇది మాత్రం ఓర్చుకోలేకపొయ్యాడు. వాడిదా కన్ను? వాడిదా చూపు? గుంపుని తోసుకుని ముందుకొచ్చి, “వాడికేం తెలుసయ్యా! ఇది పుట్టిననాడే చూశాను నేను. ఇట్టాంటిది ఇంకోటి పుట్టదని ముందు కనిపెట్టింది నేను. సుడీ లేదు ఏమీ లేదు” అనేశాడు.

అన్నాక గానీ తెలవలేదు ఏమన్నాడో. ఓబయ్య మెల్లిగా, ఉందన్నదీ నువ్వే, లేదంటన్నదీ నువ్వే, ఏది నమ్మాలయ్యా మేము, నీ ఆబోతు ఊరికే ఉందని ఇప్పుడు ఈ మాట అంటన్నావేమో, అన్నాడు. వంగి చూడండి మరి, అన్నాడు మాలకొండయ్య. ఎవడు వంగుతాడు? అప్పుడు వెనక నించి కోటమ్మ వచ్చింది. ‘బుల్లెయ్యా’ అంది. మూడేళ్ళయింది కదా, మర్చిపోయుంటదనుకున్నారు. అది పలుపు లాక్కుని వచ్చి ఆమె అరచేతిలో మూతి పెట్టింది. ఆమె గంగడోలు రెండు చేతుల్తో ఎత్తి, అందరికీ కనబడేటట్టు అటూ ఇటూ తిప్పింది. అద్దంలాగా ఉంది, ఒక్క సుడి లేదు. మాలకొండయ్య వంక తిరిగి ఏమందో తెలుసా?

“నాకప్పుడే తెలుసు బావా. తోలకపొయ్యే రోజున, పొయ్యేదానికి ఇంకేం భయమని ఎత్తి చూశా. అప్పటికే బేరం అయిపోయింది, పలుపు చేతులు మారింది. ఆ తర్వాత చెప్దామంటే, మా అక్క ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగాలి కదా.”

అంతే అంది. తిట్టుంటే బాగుండేది ఆయనకి. మర్నాడు పొద్దున కోటమ్మ, ఆ డబ్బుతో కొన్న ఆవుందే, దాన్ని తోలుకుని బీట్లోకి పోయి, మాలకొండయ్య ఆబోతు ముందర పలుపు విప్పింది. తన పాతావుని తోలకపోలేదు, అది ఆబోతుకి పిన్నమ్మ కదా, వరస తప్పుద్ది. ఆమె విప్పిందని చూసి ఇంకొకరు విప్పారు, వాళ్ళని చూసి ఊరంతా విప్పింది. ఆ ఆబోతుకి కూడా మంచి దూడలే పుట్టినయ్యి. రెండేళ్ళకి తిరునాళ్ళలో బహుమతి కూడా వచ్చింది.

మరింకేం, మాలకొండయ్య కోరిక తీరింది కదా అంటారా. ఆయన దొడ్లో పుట్టింది, ఆయన మేపాడు, ఆయన అచ్చేయించాడు. ఊరు మాత్రం దాన్ని ఏమంటది? కోటమ్మ ఆబోతు అంటది, ముందు దాని కాడికి ఆవుని తోలింది ఆమే కదా. ఆ పేరు వినబడితే ఆయన తువాలు దులుపుకుని లేచి పొయ్యేవాడంట, చచ్చేదాకా. చూసింది చూసినట్టు చెప్పుంటే బుల్లెయ్యని కనిపెట్టినోడన్న పేరు ఆయనకే ఉండేది, నూరేళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఏందే, ఒలవడం ఆపి పక్కదాని కుప్ప వంక అట్ట చూస్తన్నావు? దాని గింజలు నీకంటే ఎక్కువైనయ్యనా? ఒలువు, నీయి నువ్వు ఒలువు.